పిల్లవాడి చేతికి తొలి రైఫిల్: ఒక్కో తూటాకూ లెక్క ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ పత్రికలోని ప్రవాస పుటలను వారం వారం వదలకుండా చదివే పెన్సిల్వేనియా పాఠకుణ్ణి. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల చదువుల గురించి, స్పెల్లింగ్ పోటీల గురించి, కూచిపూడి అరంగేట్రాల గురించి మీరు వేసే వ్యాసాలు మా ఇంట్లో అందరం చదువుతాం. అయితే పెద్ద నగరాలకు దూరంగా, అడవి అంచున ఉన్న చిన్న ఊళ్లలో ఆసుపత్రి ఉద్యోగమో కళాశాల ఉద్యోగమో చేసుకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే ఒక ప్రశ్న మాత్రం ఆ పుటల్లో నాకు ఇంతవరకు కనపడలేదు. పన్నెండేళ్ల కొడుకో కూతురో బడి నుంచి వచ్చి, స్నేహితులతో కలిసి తానూ వేటకు వెళ్తానని, తనకూ ఒక రైఫిల్ కావాలని అడిగితే తల్లిదండ్రులు ఏం చేయాలి? ఈ ప్రశ్న మా ఇంటికి రెండేళ్ల క్రితం వచ్చింది. దానికి జవాబు వెతుక్కుంటూ నేను నేర్చుకున్నది, నా కళ్లెదుట జరిగిన ఒక పొరపాటుతో సహా, నాలాంటి తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

మేముండే ప్రాంతం పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయానికి రెండు గంటల దూరంలో ఉంది. ఇక్కడ వేట అనేది డబ్బున్నవారి విలాసం కాదు. మన పల్లెల్లో చేపలు పట్టడం ఎంత మామూలో ఇదీ అంతే. అడవి జంతువులనూ వేటనూ చూసుకునే రాష్ట్ర గేమ్ కమిషన్ వేట కోసం కాపాడుతున్న భూములే దాదాపు 15 లక్షల ఎకరాలు. రైఫిల్‌తో చేసే జింకల వేట 2018 వరకు, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారం మొదలయ్యేది. 2019 నుంచి దాన్ని శనివారానికి మార్చారు, అయినా ఆ సోమవారం మా పిల్లల బడికి ఇప్పటికీ సెలవే. తరగతిలో సగం మంది ఆ రోజు తండ్రులతో, తాతలతో అడవిలో ఉంటారు. అటువంటి చోట పెరిగే పిల్లవాడు రైఫిల్ అడగడం వింతేమీ కాదు.

మన కుటుంబాలలో ఈ మాట వినగానే సాధారణంగా రెండు రకాల స్పందనలు చూస్తున్నాను. కొందరు తుపాకీ అన్న మాటే ఇంట్లో వినపడకూడదని గట్టిగా కసురుతారు. ఆ పిల్లవాడు పొరుగింటి పెరట్లో, పెద్దవాళ్ల కంట పడకుండా, ఎవరిదో తుపాకీ పట్టుకుంటాడు. మరికొందరు పిల్లవాడు ఏది అడిగితే అది, దుకాణంలో ఏది ఎక్కువ ఆకర్షణగా కనిపిస్తే అది కొనిచ్చి, పక్కింటి పెద్దమనిషితో పంపించి ఊరుకుంటారు. ఈ రెండూ తల్లిదండ్రులు తమ బాధ్యతను ఇంకొకరి మీదికి నెట్టడమే అవుతాయని నా అభిప్రాయం. కొనిచ్చే ఉద్దేశమే ఉంటే, తండ్రో తల్లో తామే ముందు నేర్చుకుని, ఆ పిల్లవాడి చేతికి సరిపోయే రైఫిల్‌ను తామే ఎంచాలి.

నాకు తుపాకీతో ఉన్న పరిచయమంతా తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్సీసీ క్యాంపులో కాల్చిన ఐదు తూటాలే. అది కూడా .22 రైఫిలే, అంటే గొట్టం రంధ్రం అంగుళంలో పావు వంతు కన్నా సన్నం. 25 గజాల దూరంలో బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటిగా ఐదు తూటాలు కాల్చాలి. ఆ తరువాత ఆ తూటాల ఖాళీ తొడుగులు ఐదూ ఏరి హవల్దారు గారి అరచేతిలో పెట్టాలి. మా బృందంలో ఒకడి తొడుగు ఒకటి గడ్డిలో పడిపోతే, పదిమందిమి ఎండలో మోకాళ్ల మీద పాకుతూ పావుగంట వెతికాం. అది దొరికేదాకా ఆయన తరువాతి బృందాన్ని పిలవలేదు. ముప్పై ఏళ్ల తరువాత మా అబ్బాయికి రైఫిల్ ఎంచవలసి వచ్చినప్పుడు నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చింది ఆ చాచిన అరచేయి. వెళ్లిన ప్రతి తూటాకూ లెక్క చెప్పవలసి వచ్చే పద్ధతిలోనే పిల్లవాడు నేర్చుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. నేనిక్కడ చెప్పదలచుకున్నదంతా ఆ నిశ్చయం చుట్టూ తిరిగేదే.

ముందుగా తూటా సంగతి. తొలి రైఫిల్‌కు .22 లాంగ్ రైఫిల్ తూటాను మించినది లేదని ఇక్కడి వేటగాళ్లలో అడిగిన ప్రతివారూ చెప్పారు, నా అనుభవమూ అదే. లాంగ్ రైఫిల్ అన్నది తూటా పేరే కానీ తుపాకీ పొడవుకు సంబంధించిన మాట కాదు. దుకాణంలో మొదటిరోజు నేనూ తికమకపడ్డాను. 1887 నుంచి వాడుకలో ఉన్న ఈ తూటాలోని గుండు బరువు సాధారణంగా 40 గ్రైన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. కాల్చినప్పుడు రైఫిల్ భుజం మీద తన్నే తన్ను దాదాపు తెలియదు. ఈ సంగతి చాలా ముఖ్యం. ఎలాగూ రేపు జింకల వేటకు వెళ్తాడు కదా అని మొదటే పెద్ద రైఫిల్ చేతికిస్తే, అది తన్నే తన్నుకు, చేసే చప్పుడుకు పిల్లవాడు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం ముందుకు తోయడం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడానికి ఏళ్లు పడుతుంది. మా రాష్ట్రంలో జింకలకు ఈ .22 తూటా వాడటం చట్టప్రకారం కుదరదు కూడా. అది ఉడుతల వంటి చిన్న జంతువుల వేటకు పనికివచ్చేది. జింక సంగతి మరో మూడు నాలుగేళ్ల తరువాత, మరో రైఫిల్‌తో చూసుకోవచ్చు.

ఇదే కుటుంబంలో .22 మ్యాగ్నమ్, 2002లో వచ్చిన .17 హెచ్ఎంఆర్ అనే తూటాలు కూడా ఉన్నాయి. అవి ఎక్కువ వేగంగా, ఎక్కువ దూరం వెళ్తాయి, ధరా ఎక్కువే; తినడానికి వేటాడే ఉడుతను అవి పాడుచేస్తాయి. నేర్చుకునే పిల్లవాడు వందల తూటాలు కాగితపు గురి మీద కాల్చాలి కాబట్టి చవకైన తూటా ఉన్న రైఫిలే మేలు. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: లాంగ్ రైఫిల్ తూటాను మ్యాగ్నమ్ రైఫిల్‌లో పెట్టి కాల్చకూడదు, తొడుగు చీలి ముఖానికి ప్రమాదం. గొట్టం మీద చెక్కిన పేరూ డబ్బా మీద అచ్చయిన పేరూ ఒకటేనా అని చూసుకోవడం పిల్లవాడి చేతనే ప్రతిసారీ చేయించాలి.

ఇక రైఫిల్ ఏ రకానిది అన్న దగ్గరే నాకూ మా అబ్బాయికీ వాదన జరిగింది. వాడి స్నేహితుల దగ్గర ఉన్నవి ఎక్కువగా సెమీ ఆటోమేటిక్‌లు. 1964 నుంచి తయారవుతున్న రూగర్ 10/22 ఇక్కడ ఇంటింటా కనిపిస్తుంది; పది తూటాలు నింపి తగిలించే మ్యాగజైన్ అనే చిన్న పెట్టె, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా. అది చెడ్డ రైఫిల్ అని నేను అనను. తరతరాలుగా నమ్మకంగా పనిచేస్తున్నది. పెన్సిల్వేనియాలో చిన్న జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను 2017 నుంచి అనుమతించారు కూడా. అయినా తొలి రైఫిల్‌గా అది వద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఒక మిత్రుడి ఇంటి వెనుక నా కళ్లెదుట జరిగిన సంఘటన.

ఆ రోజు ఆయన కొడుకు, పద్నాలుగేళ్లవాడు, డబ్బాల మీద గురిచూసి కాలుస్తున్నాడు. భోజనానికి పిలిచారు. పిల్లవాడు మ్యాగజైన్ తీసి తండ్రి చేతికిచ్చాడు. తండ్రి దాన్ని జేబులో వేసుకుని, ఇంక ఖాళీయే కదా అన్నాడు. పిల్లవాడు రైఫిల్‌ను నేలవైపు వంచి ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడైంది. వాడి బూటుకు జానెడు దూరంలో గడ్డి పెళ్ల లేచి నా ప్యాంటు మీద మట్టి పడింది. మ్యాగజైన్ తీసినా గొట్టం మొదట్లోని గదిలో ఒక తూటా మిగిలి ఉంటుందని, మ్యాగజైన్ లేకపోయినా చాలా రైఫిళ్లు ఆ తూటాను పేలుస్తాయని ఆ తండ్రికి తెలియదు, నాకూ తెలియదు. గొట్టం నేలవైపు ఉండబట్టి బతికిపోయాం. ఆ పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి చేతిలోని రైఫిల్‌ను వాళ్ల అమ్మ వచ్చి మెల్లగా తీసుకోవలసి వచ్చింది.

అందుకే నేను సింగిల్ షాట్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ కోరాను, అంటే ఒకసారికి ఒక్క తూటానే పట్టేది, గొట్టం వెనక భాగాన్ని బోల్టు అనే పిడి ఉన్న కడ్డీతో చేత్తో తెరిచి మూసేది. అందులో కాల్చేవాడికి ప్రతి తూటా కనపడుతుంది, కనపడక తప్పదు. బోల్టు ఎత్తి వెనక్కి లాగాలి, తూటాను వేళ్లతో పెట్టాలి, బోల్టు మూయాలి. కాల్చాక మళ్లీ తెరిస్తే ఖాళీ తొడుగు బయట పడుతుంది. బోల్టు తెరిచి ఉంటే తుపాకీ పేలే అవకాశం లేదని పక్కనున్న పెద్దవారికి పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఒక తూటా తప్పితే వెంటనే రెండోది వదిలే వీలు లేదు కాబట్టి పిల్లవాడు మొదటి తూటాకే ఓపిక పడతాడు. చిన్నపిల్లల కోసం తయారయ్యేవాటిలో క్రికెట్ అనే రైఫిల్‌కు బోల్టు మూసిన తరువాత కూడా వెనకనున్న గుండీని విడిగా లాగితే తప్ప పేలదు; శావేజ్ కంపెనీ రాస్కల్‌లో బోల్టు ఎత్తగానే స్ప్రింగు బిగుస్తుంది కానీ, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే తూటాను బయటికి తీసేయవచ్చు. రెండూ ఏడెనిమిదేళ్ల పిల్లల కొలతకు చేసినవి. మా వాడికి పన్నెండు నిండాయి కాబట్టి చెక్ దేశపు సీజెడ్ కంపెనీ స్కౌట్ తీసుకున్నాం. దానికి మ్యాగజైన్ స్థానంలో ఒక్క తూటాను మాత్రమే పట్టే అమరిక వస్తుంది. పిల్లవాడు కుదురుకున్నాడని తండ్రికి నమ్మకం కలిగాక మ్యాగజైన్ కొని తగిలించవచ్చు. రెండేళ్లయినా మేమింకా కొనలేదు.

కొలత మాట వచ్చింది కనుక దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తండ్రులు పొరపాటు చేసేది ఇక్కడే. పిల్లలకు బట్టలు ఒక సైజు పెద్దవి కొనడం మనకు అలవాటు. రైఫిల్ విషయంలో ఆ అలవాటు పనికిరాదు. భుజానికి ఆనే తుపాకీ మడమ చివర నుంచి ట్రిగ్గర్ వరకు ఉన్న దూరమే అసలు కొలత. పెద్దవారి రైఫిళ్లలో అది సుమారు పదమూడున్నర అంగుళాలు. స్కౌట్‌లో 12, రాస్కల్‌లో పదకొండుంపావు. ఎక్కువైతే పిల్లవాడు రైఫిల్‌ను భుజం గుంటలో ఆనించలేక చంక కింద పెట్టుకుంటాడు, బరువు ఆపలేక నడుము వెనక్కి వంచుతాడు, తల ముందుకు సాగదీస్తాడు, అలా నిలబడి ఎంత కాల్చినా గురి కుదరదు. మా ఊరి దుకాణంలో కౌంటరు వెనకనున్న పెద్దాయన చూపించిన పద్ధతి చాలా సులువైనది. మా వాడి మోచేతిని లంబకోణంలో వంచమని, రైఫిల్ మడమను మోచేతి మడతలో ఆనించాడు, తూటా లేదని తానూ చూసి, మాకూ చూపించిన తరువాతే. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం సరిగ్గా ట్రిగ్గర్‌కు అందింది. అంతకుముందు చూసిన పొడుగు రైఫిల్‌లో ఆ వేలు ట్రిగ్గర్ రక్షణ కమ్మీ దగ్గరే ఆగిపోయింది. పిల్లవాడు ఏ కన్నుతో గురి చూస్తాడో కూడా అక్కడే పరీక్షించాలి. కుడిచేతి వాటం ఉన్నవారిలోనూ కొందరికి ఎడమ కన్నే బలమైనది ఉంటుంది. అటువంటివారికి ఎడమ భుజం అలవాటు చేయడమే మంచిదని శిక్షకులు చెబుతారు.

రైఫిల్ మీద బిగించే టెలిస్కోపు సంగతి ఏడాది ఆగి చూడవచ్చు. మామూలు ఇనుప గురితో మొదలుపెడితే తల కదపకుండా, చెంపను రైఫిల్ కర్రకు ఆనించి ఉంచడం వస్తుంది. తూటాలు మాత్రం ఒకే కంపెనీవి పెట్టెలకు పెట్టెలు కొనకుండా మూడు నాలుగు రకాలవి ఒక్కో చిన్న డబ్బా కొని కాల్చి చూడాలి, ఎందుకంటే ఒకే మోడలు రైఫిళ్లు రెండు ఉన్నా ఒకదానికి నచ్చిన తూటా మరోదానికి నచ్చదు. చప్పుడు చిన్నదిగా అనిపించినా అది దాదాపు 140 డెసిబెళ్లు ఉంటుంది. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చనివ్వకూడదు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే గొట్టాన్ని గురివైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగిన తరువాతే బోల్టు తెరవాలి.

చిన్న తూటా కదా అన్న మాట నాకు అన్నిటికన్నా భయం కలిగిస్తుంది. తూటాల డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది, ఒకటిన్నర మైళ్ల దూరం వరకు ప్రమాదమని. అంటే తెనాలిలో మా ఇంటి నుంచి రైలు స్టేషను దాటి ఇంకా అవతలికి. నీటి మీద, రాతి మీద తగిలితే అది ఎటు మళ్లుతుందో చెప్పలేం. ఉడుతను కొమ్మ చివర ఆకాశం నేపథ్యంలో ఉన్నప్పుడు కాల్చకూడదు, అది చెట్టు మానును కరుచుకుని ఉన్నప్పుడు మాత్రమే కాల్చాలి. మొదటి శరత్తులో మా వాడు నాలుగు ఉదయాలు అడవిలో కూర్చుని ఒక్క తూటా కూడా కాల్చకుండా తిరిగివచ్చాడు. నాలుగోరోజు ఒక ఉడుత ముప్పై గజాల దూరంలో చాలాసేపు కనపడింది, కానీ దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. వాడు బోల్టు తెరిచి తూటాను తీసి జేబులో వేసుకుని నావైపు చూశాడు. వాడికి ఈ రైఫిల్ ఇచ్చి తప్పు చేయలేదన్న ధైర్యం నాకు అప్పుడు కలిగింది.

ఉడుతను చంపడమేమిటని మా అమ్మ ఫోనులో ఏడ్చినంత పని చేసింది. రాముడు నిమిరిన వేలి గీతలున్న జీవి కదా. ఇక్కడి బూడిదరంగు ఉడుత దానికి రెండింతలు ఉంటుందని, వీపు మీద గీతలు ఉండవని, ఇక్కడివారు దాన్ని కూర వండుకుంటారని చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు, కుదుటపడాలని నేను వాదించనూ లేదు. కానీ ఆమె మాట వల్ల మా ఇంట్లో ఒక నియమం వచ్చింది: తినని దాన్ని కొట్టకూడదు, ఒక్క తూటాతో తలకు తగులుతుందన్న నమ్మకం లేకపోతే కాల్చకూడదు. గాయపడి తొర్రలోకి దూరిన జంతువు రెండు రోజులు బాధపడి చస్తుంది. కాగితం మీద 25 గజాల దూరంలో ఐదింటికి ఐదు తూటాలూ రూపాయి బిళ్లంత వృత్తంలో పడేదాకా మా వాడు అడవికి వెళ్లలేదు. దానికి ఏడు నెలలు పట్టింది.

సింగిల్ షాట్ కొన్నాం కాబట్టి భద్రంగా ఉన్నామనుకోవడమూ పొరపాటే. 2013లో కెంటకీ రాష్ట్రంలో ఐదేళ్ల బాలుడు తనకు బహుమతిగా వచ్చిన పిల్లల .22 రైఫిల్‌తో ఆడుకుంటూ ఉండగా అది పేలి రెండేళ్ల చెల్లెలు చనిపోయింది. ఆ రైఫిల్ గది మూలన పెట్టి ఉంది; లోపల తూటా ఉందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. మిషిగన్‌లో 2021లో కొడుకు బడిలో కాల్పులు జరిపి నలుగురిని చంపిన కేసులో, అతనికి తుపాకీ అందుబాటులో ఉంచిన తల్లిదండ్రులిద్దరికీ 2024లో పదేళ్లకు తగ్గని జైలుశిక్ష పడింది. మా ఇంట్లో రైఫిల్ ఒక ఇనుప బీరువాలో, తూటాలు మరో గదిలో ఇంకో తాళం కింద ఉంటాయి. తాళంచెవులు మా అబ్బాయికి తెలియని చోట ఉంటాయి, వాడు ఎంత బుద్ధిమంతుడైనా సరే. వాడి మనసు బాగాలేని రోజు కూడా ఒకటి రావచ్చునన్నది నేను మరచిపోలేను.

చివరిగా, మీ పాఠకులలో చాలామందికి సూటిగా తగిలే చట్టం సంగతి. అమెరికా సమాఖ్య చట్టంలో 1998లో చేర్చిన నిబంధన ప్రకారం హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం నేరం. ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడి రైఫిల్‌ను సరదాగా చేతపట్టినా కలిగి ఉండటం కిందికే రావచ్చు. నేరం రుజువైతే జైలుతో పాటు దేశం నుంచి పంపించివేయడమూ జరగవచ్చు. తల్లిదండ్రులతో పాటు హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకూ ఇదే నియమం. ఆ ఊసే తెలియకుండా వారాంతాల్లో కాల్పుల మైదానానికి వెళ్లి ఫోటోలు పెట్టుకునే మనవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. మొదట వేట శిక్షణ తరగతిలో చేరి లైసెన్సు తీసుకోవాలి, ఆ తరువాతే దుకాణానికి వెళ్లాలి, ముందుగా న్యాయవాదిని కూడా అడగడం మంచిది. మా రాష్ట్రంలో 11 ఏళ్లు నిండిన పిల్లలు ఆ తరగతిలో చేరవచ్చు, 12 నుంచి 16 ఏళ్ల వరకు జూనియర్ లైసెన్సు ఇస్తారు. నేను మా అబ్బాయి పక్క కుర్చీలో కూర్చుని ఆ పరీక్ష రాశాను. వాడికి నాకన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి.

ఉడుతల వేట కాలం ఇక్కడ ప్రతి ఏటా సెప్టెంబరులో మొదలవుతుంది, రైఫిళ్ల కొనుగోళ్లు వేసవిలోనే జరుగుతాయి. వీసాకు సంబంధించిన ఈ నిబంధనను, పిల్లలకు వేట శిక్షణ ఏ రాష్ట్రంలో ఏ వయసు నుంచి ఇస్తారన్న వివరాలను న్యాయనిపుణుల చేత సరిచూపించి, జూన్ నెలలోగా మీ ప్రవాస పుటలో ఒకసారి ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక ప్రవాస పాఠకుడు,
పశ్చిమ పెన్సిల్వేనియా